నొస్సము గంజీఫా: దశావతారముల పేక

కడప జిల్లా సింహాద్రిపురమున వేసవి మధ్యాహ్నమువేళ వేపచెట్టు నీడను కూర్చుండి పేకాడువారి ప్రక్కన కొంతసేపు నిలిచి, ఆటను గాక వారి మాటలను మాత్రము చెవియొగ్గి వినినచో ఒక వింత తోచును. ఇస్పేటు, ఆటీను, కళావరు, డైమను, తురుపు, జాకీ అని మన నాలుకపై ఇంత చక్కగా కుదురుకొని, మన విభక్తులకు లోబడి, తురుపు ముక్క యని జాతీయముగా గూడ పరిణమించిన యీ మాటలలో పుట్టుకచేత తెలుగనదగినది యొక్కటియు లేదు. కళావరు, ఆటీను, తురుపు అనునవి 1605 మొదలు మచిలీపట్టణమున కొట్లు కట్టుకొని వర్తకము చేసిన డచ్చివారి మాటలు. వారు మూడాకుల గుర్తును క్లావరనియు, హృదయములను హార్టెననియు, పైచేయి రంగును ట్రూఫనియు వ్యవహరింతురు. సరకుతోపాటు ఆటయు, ఆటతోపాటు మాటయు సముద్రతీరమునుండి మెల్లగా మెట్టసీమల కెక్కి, కనుమలు దాటి, పెన్నాతీరము చేరినవి. పరభాషాపదములయెడ నాకు ద్వేషము లేదు. అవి రాకున్న భాష యెండిపోవును. కాని నాలుగు రంగుల యీ యేబదిరెండు ముక్కలు మన పల్లెలను పూర్తిగా ఆక్రమింపకముందు, ఇక్కడికి దవ్వుగాని యొక గ్రామముననే, ప్రతి రంగునకు ఒక కథయు, ప్రతి ముక్కకు చేతితో వ్రాసిన యొక బొమ్మయు గల పేక తయారగుచుండెననియు, అందలి రంగుల పేరులు మత్స్యము, కూర్మము, వరాహము అని చిన్నపిల్లలకు గూడ తెలిసిన పేరులే యనియు నేడు చెప్పినచో నమ్మువారు అరుదు. ఆ గ్రామము నొస్సము. ఆ పేక గంజీఫా.

సింహాద్రిపురమునుండి బయలుదేరి, ముద్దనూరు మీదుగా పెన్నను దాటి, జమ్మలమడుగు చేరి, అచ్చటినుండి ఉత్తరమునకు సాగినచో నల్లరేగడి పొలముల నడుమ నొస్సము కన్పట్టును. 2016లో తెరవబడిన ఎఱ్ఱగుంట్ల నంద్యాల రైలుమార్గమున దాని పేర నొక స్టేషనును కలదు. ఇప్పుడది నంద్యాల జిల్లాలోని సంజామల మండలమునకు చేరినది గాని, 1858లో కోవెలకుంట్ల తాలూకాను కడపనుండి విడదీసి క్రొత్తగా నేర్పడిన కర్నూలు జిల్లాకు ఇచ్చువరకు నొస్సము కడప జిల్లా గ్రామమే. కనుక దాని పనితనమును మన జిల్లా చరిత్రలో చేర్చుకొనుటకు మనకు హక్కు కలదు. ఆ హక్కును మనము వినియోగించుకొనకపోవుటయే విచారకరము. నొస్సమునందలి లక్కపూతల పనికిని, బంగారు వన్నె చిత్రములకును పందొమ్మిదవ శతాబ్దియందు మంచి ప్రశస్తి యుండెను. అటువంటి పని చేయువారిని జీనిగరవారనియు, చిత్రకారులనియు పిలిచెడివారు. జీను కుట్టువారగుటచే ఆ మొదటి పేరు వచ్చినదందురు. గుఱ్ఱపు జీనుల తోలుపై పూవులు దిద్దిన చేతులే క్రమముగా కొయ్యపైకి, పెట్టెలపైకి, కడకు అరచేతిలో నిముడు గుండ్రని బిళ్ళలపైకి ప్రాకినవని యూహించుట కష్టము కాదు.

గంజీఫా యను పదము పారసీకము. దానిని మనదేశమునకు సంబంధించిన వ్రాతలలో మొదట స్పష్టముగ పేర్కొన్నవాడు బాబరు: సింధుదేశమున నున్న షా హసనునకు ఆ యాటపై మక్కువ యనియు, అతడు కోరగా 1527లో గంజీఫాలను పంపితిననియు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. అతని మనుమడగు అక్బరు కాలమునకు ఆ పరదేశి యాట యెంతగా ఇచ్చటి మట్టిని అంటించుకొన్నదో తెలియవలెనన్న అబుల్ ఫజలు రచించిన ఆయినీ అక్బరీని చూడవలెను. అందు వర్ణింపబడిన పేక పండ్రెండు రంగులది. రంగునకు పండ్రెండు ముక్కల చొప్పున మొత్తము 144. ఆ పండ్రెండు రంగులకు పండ్రెండుగురు పతులు. మొదటి మువ్వురి పేరులు చదివిన తెలుగువాని మనస్సు ఝల్లుమనును: అశ్వపతి, గజపతి, నరపతి. ఈ త్రయము మనకు క్రొత్తది కాదు. ఢిల్లీ తురుష్కుడు అశ్వపతి, కటకమునేలిన ఓఢ్రరాజు గజపతి, విజయనగరమునేలిన రాయలు నరపతి యని మూడు సింహాసనములను రాయవాచకము మొదలగు గ్రంథములు పరిపాటిగా చెప్పుచున్నవి. అబుల్ ఫజలు అశ్వపతికి ఢిల్లీని, గజపతికి ఓఢ్రదేశమును అట్లే చూపి, నరపతికి మాత్రము కాల్బలమే బలముగా గల బీజాపురపు ప్రభువులను ఉదాహరించెను. 1565లో రాయల సింహాసనము కూలినది. సింహాసనము పోయినను ముక్క పోలేదు, దానిపై కూర్చుండువాడు మాత్రము మాఱెను. ఒక పేకను శ్రద్ధగా చదువనేర్చినవానికి అది యే కాలపుదో, యే కొలువుదో చెప్పగలదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు కనబడదు.

పిమ్మట వ్యాప్తిలోనికి వచ్చిన మొగలాయి పేక యెనిమిది రంగులది, 96 ముక్కలది: కిరీటము, కత్తి, బంగారు నాణెము, వెండి నాణెము, సేవకుడు, వీణవంటి వాద్యము, హుండీపత్రము, సరకు. ఒక దర్బారునందలి వైభవమంతయు, ఖజానాతో, కొలువుతో, సంగీతముతో సహా అందు ఇమిడియున్నది. హిందూప్రభువుల యిండ్లలోనికి ఆ యాట ప్రవేశించినప్పుడు ఆటనియమములు ఇంచుమించు యథాతథముగ నిలిచినవి గాని, విషయము మాఱెను. దర్బారు తొలగెను, దశావతారములు వచ్చెను. ఒక పేకను కూర్చుటయన నేమో తెలిసికొనగోరువారు నిలిచి చూడవలసిన ఘట్టము నా దృష్టిలో ఇదియే.

ఏలయన, ఒక విషయమును స్వీకరించిన తోడనే పేకకు లెక్క యేర్పడును. అవతారములు పదియగుట వలన రంగులు పది, రంగునకు పండ్రెండు ముక్కలగుట వలన మొత్తము 120. నవగ్రహములను గైకొన్న పేక 108 ముక్కలది. ద్వాదశరాసులను గైకొన్నది 144. ప్రతి రంగునకు ఒక రాజు, ఒక మంత్రి. పిమ్మట ఒకటి మొదలు పదివఱకు అంకెముక్కలు. రాజుముక్కపై ఆ యవతారమూర్తియే సింహాసనమున కూర్చుండియుండును. మంత్రి సామాన్యముగ గుఱ్ఱముపై నుండును. అంకెముక్కలపై మూర్తి యుండదు, మూర్తికి ప్రతినిధియగు చిహ్నము మాత్రము ఆయా సంఖ్యననుసరించి యుండును: మత్స్యమునకు చేప, కూర్మమునకు తాబేలు, పరశురామునకు గండ్రగొడ్డలి, వామనునకు గొడుగో కమండలువో, రామునకు బాణమో కోతియో. ఈ చిహ్నములు సీమ సీమకు మాఱుచుండును. బుద్ధుని స్థానమున ఓఢ్రులు జగన్నాథుని నిలుపుదురు. ప్రతి రంగునకు నేలవన్నె వేఱు, ఆ వన్నెను చూచియే ఆటగాడు దవ్వునుండి రంగును గుర్తించును. చిత్రకారుడు, పది చేపలను గాని పది తాబేళ్ళను గాని రూపాయి బిళ్ళకంటె కొంచెము పెద్దదగు చక్రములో ఇరుకున పెట్టక, గుంపుకట్టించి, ఒకటొకటిగా లెక్కకు దొరకునట్లు అమర్చుటకు ఎంత మథనపడియుండవలెనో తలచినచో చేతులెత్తి మ్రొక్కబుద్ధియగును.

విషయము లెక్కను మాత్రమే కాక ఆటధర్మమును గూడ కొంతవఱకు పాలించును. పదిరంగులలో అయిదింట మంత్రి తరువాత పది పెద్దది, ఒకటి చిన్నది. తక్కిన యయిదింట మంత్రి తరువాత ఒకటియే పెద్దది, పది కడపటిది. తురుపు లేదు. ఏ రంగున ఏ ముక్క వెడలిపోయినదో, ఏది మిగిలియున్నదో జ్ఞప్తియందుంచుకొన్నవానిదే గెలుపు. ముగ్గురాడునప్పుడు ఒక్కొక్కనికి నలువది ముక్కలు. పగటివేళ ఆట రాముడు గలవాడు మొదలిడవలెను, రాత్రివేళ కృష్ణుడు గలవాడు. రాముడు సూర్యవంశజుడు, కృష్ణుడు చంద్రవంశజుడు, మధ్యాహ్నమున జన్మించినది ఒకరు, నడురేయి జన్మించినది వేఱొకరు. పగలు గాని రాత్రి గాని కాని సంధ్యవేళ ఆటకు కూర్చుండినచో నృసింహునిది మొదలని కొన్ని సీమలవారందురు. పురాణము తెలియనివానికి ఇది కేవలము ఒక నిబంధన. అహోబిలమునకు మ్రొక్కుకొని, బిడ్డలకు నరసింహుడని, నరసమ్మ యని పేరిడుకొనుచు, నృసింహుని తలపించు పేరుగల యూళ్ళలో బ్రతుకు మన సీమవారికి మాత్రము అది ఆటనియమముగా తోచదు, గడపపై హిరణ్యకశిపుడు కూలిన క్షణమే మరల కన్నులయెదుట నిలుచును. జూదమాడినను భగవన్నామములే పలుమాఱు నోట వెలువడుచుండుటచే పాపము తగులదని పెద్దలు సమర్థించుకొనెడివారట. ఆ సమర్థన సంగతి యెట్లున్నను, ఆటలో మొదటి యెత్తును కథనుండియే పుట్టించిన ఆ కూర్పరి బుద్ధికి నేను నమస్కరించుచున్నాను.

ముక్క తయారగు విధమును గూడ చెప్పవలెను. ప్రభువుల కొఱకు ఏనుగుదంతముపై, తాబేటిచిప్పపై వ్రాసినవి దర్బారు కలము. సామాన్యుల కొఱకు చేసినవి బజారు కలము. బజారు ముక్కకు ముడిసరకు పాతబట్ట. పాత నూలుబట్ట మడతలను చింతగింజల జిగురుతో ఒకదానిపై నొకటి అంటించి, సుద్దమన్నుతో పూతపెట్టి, యెండనిచ్చి, నునుపగు ఱాతితో మెఱుగుదేరునట్లు రుద్ది, గుండ్రముగ కత్తిరింతురు. అంతట నేలవన్నె, దానిపై బొమ్మ, బొమ్మపై సన్నని గీతలు, అన్నిటిపైని లక్కపూత. వెనుకవైపు అన్ని ముక్కలకు ఒకటే వన్నె, లేనిచో ఎదుటివాడు ముక్కను పోల్చుకొనును. చింతచెట్టునకు, పాతచీరకు, లక్కకు కఱవులేని యీ మెట్టసీమయందు ఆ పని నిలద్రొక్కుకొనుటలో ఆశ్చర్యమేమి? ముక్క గుండ్రముగ నుండుటవలన మూలలు నలుగవు. పేక నంతటిని ఉంచుకొనుటకు చిత్రములు వ్రాసిన కొయ్యపెట్టె యొకటి చేసి యిచ్చెడివారు. ఆ పెట్టె మూతయు అవతారములతోనే నిండియుండెడిది.

ఇంతటి పనికి ఆదరువు కావలెను. 1650లో గండికోట పెమ్మసానివారి చేతినుండి గోలకొండ సేనానియగు మీర్ జుమ్లా చేతికి చిక్కినది. అతడు పారసీకదేశమున ఆర్దిస్తానున జన్మించినవాడు. అనంతరము కడప నవాబులు. వారి చుట్టును రెడ్డి, కమ్మ, బోయ పాలెగాండ్రు. ఉర్దూ పారసీకములు తెలిసిన కొలువుకాండ్రును, పురాణశ్రవణము చేయు పాలెగాండ్రును ఒకే సీమలో నున్నప్పుడు పారసీకపు పేరుతో వైష్ణవపు పేక పుట్టుట సహజమని నా యభిప్రాయము. 1800లో నిజాము ఈ దత్తమండలములను కుంపిణీవారికి వదలుకొనెను. కుంపిణీ యధికారియగు మన్రో దొర పాలెగాండ్ర నణచి భరణములపై కూర్చుండబెట్టెను. నొస్సము పాలెగాడగు జయరామిరెడ్డి వంశమునకు వచ్చుచుండిన భరణము గూడ కాలక్రమమున సర్కారులో కలిసిపోయినది; అందులో భాగము తనకు దక్కలేదన్న క్రోధము గూడ తోడై, అతని దౌహిత్రుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగుబాటు చేసి, 1847 ఫిబ్రవరిలో కోవెలకుంట్లయందు ఉరికంబమెక్కెను. ఆ వీరునిగూర్చి పాటలు పాడుకొనుచునే యున్నాము. అదే నొస్సమున, అదే పాలెగాండ్ర పతనముతో, చిత్రకారుని యింటి పొయ్యి గూడ చల్లారుచు వచ్చినదన్న సంగతిని పాడినవారు లేరు. యంత్రముపై అచ్చయి యోడలలో వచ్చిన సీమపేక, చేతిబొమ్మల పేకకంటె బహుచౌక. 120 ముక్కలకు ఒకడు దినములకొలది కూర్చుండి వ్రాయగా దాని ధర అంగడిలో నిలుచుటెట్లు?

ఇతరప్రాంతములలో ఈ కళ యెట్లు బ్రతికెనో చూచినచో మన నష్టము మఱింత తెలియును. మైసూరును పాలించిన ముమ్మడి కృష్ణరాజ వొడెయరు (1794–1868) రాజ్యాధికారము చేజారిన పిమ్మట క్రీడలయందు, గ్రంథములయందు కాలము గడపెను. శ్రీతత్త్వనిధిలోని కౌతుకనిధియను భాగమున పదుమూడు తీరుల పేకలను స్వయముగా కల్పించి వర్ణించెను. అందు చాముండేశ్వరి పేరి పేక పదునాఱు రంగులతో 320 ముక్కలది, జగన్మోహనమను పేక పదునెనిమిది రంగులతో 360 ముక్కలది. వీనిని ఆడుటకంటె కూర్చుటయందే ఆయనకు ఆనందము మెండని తోచును. అంత పెద్ద పేకను చేతబట్టి యాడుట సామాన్యమా? కొంకణమున సావంతవాడి సంస్థానమునకు గంజీఫా తెలంగాణమునుండి వచ్చిన పండితుల వలన తెలిసినదని అచ్చటివారు చెప్పుకొందురు. ఆ సంస్థానమున అంతరించుచున్న విద్యను 1970 ప్రాంతమున రాజా శివరామరాజే భోంస్లేయు, రాణి సత్వశీలాదేవియు మిగిలిన వృద్ధకళాకారునివద్ద నేర్చి, నేర్పించి, రాజభవనముననే కర్మశాల పెట్టి నిలిపిరి. ఒడిశా రఘురాజపురమున నేటికిని గంజీఫాలు వ్రాయుచున్నారు. తెలుగునాట నిర్మలయందును ఈ బిళ్ళలు తయారైనవి. అచ్చటి నకాషీలకు బొమ్మలు, పటములు, కొయ్యసామానులు అండగా నిలిచి పేరు మిగిలినది. నొస్సమునకు అట్టి యండ దొరకలేదు.

గంజీఫాలోని ఆ కూర్పుబుద్ధి మాత్రము లోకమున చావలేదు. 1993లో అమెరికాలో గణితశాస్త్రజ్ఞుడగు రిచర్డ్ గార్ఫీల్డ్ మ్యాజిక్: ది గాదరింగ్ అను నొక కార్డుల ఆటను వెలువరించెను. అందు అందఱికి ఒకే పేక యుండదు. పొట్లములలో కొని, స్నేహితులతో మార్చుకొని, వేలకొలది ముక్కలలోనుండి ఎవనికి వాడు కనీసము 60 ముక్కల పేకను కూర్చుకొనవలెను. ఒకే ముక్క నాలుగింటికంటె ఎక్కువ యుండరాదు, భూములను సూచించు మూలముక్కలకు మాత్రము ఆ కట్టడి లేదు. పందెమునకు ఆడువాడు బలమైన ముక్కలనే ఏఱుకొనును. వేడుకకు ఆడువాడట్లు కాదు; డ్రాగనులే కావలెననియో, సముద్రజీవులే కావలెననియో ఒక విషయమును నిర్ణయించుకొని, దానికి చేరని బలమైన ముక్కను చేతికందినను విడిచిపెట్టి, దానికి చేరిన బలహీనపు ముక్కను ప్రీతితో చేర్చుకొనును. హైదరాబాదునందును, అమెరికాయందును ఇట్టి పేకలు కూర్చుకొను తెలుగుపిల్లలు తమ చేయుపని పరదేశపుదని తలంచుచుందురు కాబోలు. ప్రతి రంగునకు ఒక కథను, ప్రతి ముక్కకు ఒక బొమ్మను కూర్చిన నొస్సము చిత్రకారుడు వారికి తాతవంటివాడని నేను చెప్పగోరుచున్నాను.

ఈ విషయమును గూర్చి తలపోయుచు, మన సీమకే చెందిన పేక నొకదానిని కూర్చినచో ఎట్లుండునని నేను పలుమాఱు కాగితముపై గీతలు గీసికొంటిని. మొగలాయి లెక్కను గైకొని ఎనిమిది రంగులు, 96 ముక్కలు. గండికోటకు బురుజు, తాళ్లపాకకు అన్నమాచార్యుల తంబుర, ఒంటిమిట్టకు కోదండము, కందిమల్లాయపల్లెకు వీరబ్రహ్మేంద్రస్వామి తాటాకు, పెన్నకు అల, కడప బండకు నల్లని పలక, పులివెందుల ప్రాంతపు తోటలకు చీనికాయ, ప్రొద్దుటూరునకు బంగారు కాసు. ఇంతటితో ఎనిమిది నిండినవి. అప్పుడు కలివికోడి జ్ఞప్తికి వచ్చినది. 1848లో జెర్డను గుర్తించి, పిమ్మట అంతరించినదని లోకమంతయు వదలుకొనగా, 1986లో మన జిల్లా చిట్టడవులలో మరల కన్పట్టిన యా పక్షి లేని కడప పేక యుండుటెట్లు? తొమ్మిదవ రంగు చేర్చిన బలాబలముల సమభాగము చెడును. తుదకు కాసును తొలగించితిని. బంగారు నాణెము మొగలాయి పేకలోనే యున్నది, కలివికోడి లోకమున వేఱొక పేకలో లేదు. అది రాత్రించరము గనుక రాత్రియాటకు మొదలిడు హక్కు దానిది; పగటియాటకు పసుపుబాఱిన చీనికాయది. బురుజు, తాటాకు, తంబుర, కలివికోడి యను నాలుగింట ఒకటియే పెద్దది. తక్కిన నాలుగింట పది పెద్దది. పెన్నకు వరద భయము కలదు గదా, అల యొకటే మేలు కాదా యని యొక మిత్రుడు అడిగెను. వానకై ఆకాశమువంక చూచు సీమలో పది యలలు ఎన్నడును ఎక్కువ కావంటిని, ఆతడు ఒప్పుకొనెను.

జర్మనీనుండి వచ్చి బొంబాయిలో స్థిరపడిన రుడాల్ఫ్ వాన్ లైడెను అను కళావిమర్శకుడు మన గంజీఫాలను ఊరూర వెదకి సేకరించెను. 1982లో లండనునందలి విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో వీనిని గూర్చి ప్రత్యేకప్రదర్శనము జరిగెను. ఆయన దానికి గ్రంథము వ్రాసెను. ఐరోపాయందలి పలు సంగ్రహాలయములలో దక్కను పేకలు అద్దపు పెట్టెలలో నున్నవి. జమ్మలమడుగునందు గాని, ప్రొద్దుటూరునందు గాని ఒక బడిపిల్లవానిని గంజీఫా చూచితివా యని యడిగినచో ఏమని చెప్పును?

కనుక సింహాద్రిపురము, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల పాత మిద్దెల యజమానులకు నా విన్నపమిది. అటకపై, కాటుకపెట్టెలు, తాళపత్రములు, చిల్లుపడిన ఇత్తడి పాత్రలు పడియున్న మూలల యందు, చేపబొమ్మయో, గొడ్డలిబొమ్మయో గల గుండ్రని లక్కబిళ్ళ యొక్కటి దొరకినను, పిల్లల ఆటవస్తువని పాఱవేయకుడు, పాతసామాను కొనువానికి తూకమున వేయకుడు. కడపలోని బ్రౌన్ గ్రంథాలయమునకు కొనిపోయి చూపుడు. పేక పూర్తిగా లేకున్నను చింత లేదు. ఒక్క ముక్కతోనే దాని రంగు, దాని చిహ్నము, దాని చేయి తెలియును.